ఎడమ మూలలో ఐదోవాడు

నేను తొమ్మిదేళ్ళు ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో పనిచేశానంటే మా బంధువులు ముందు నా ఎత్తు చూస్తారు, తర్వాత నా పొట్ట చూస్తారు, ఆ తర్వాత మర్యాదకొద్దీ మాట మారుస్తారు. అందుకే ముందే చెప్పేస్తున్నాను. ఆ తొమ్మిదేళ్ళలో బంతి ఎప్పుడైనా నా దగ్గరికి దొర్లుకుంటూ వస్తే, ఎవరిదో వాళ్ళకి ఇచ్చేశాను. నా ఆట అంతవరకే.

నా పని చుక్కలు చూడటం. అరీనా పైకప్పుకి కెమెరాలు ఉంటాయి. ఏ ఆటగాడు ఏ క్షణంలో ఎక్కడున్నాడో అవి కనిపెట్టి పంపిస్తాయి. నా స్క్రీన్ మీద ఒక్కో మనిషికీ ఒక రంగు చుక్క. అంతకుముందు బెంటన్‌విల్‌లో కాంట్రాక్టర్‌గా ఉండి, ఏ స్టోర్‌లో ఏ అరలో సబ్బులు అయిపోతున్నాయో చెప్పే ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఇంటర్వ్యూలో "సబ్బులకీ ఆటగాళ్ళకీ తేడా ఏమిటి?" అని అడిగారు. "సబ్బులకి ఏజెంట్లుండరు" అన్నాను. ఉద్యోగం ఇచ్చారు.

ఇప్పుడు డేటా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు ఏ టూల్స్ వాడారు అంకుల్ అని అడుగుతారు. చెప్తే నవ్వుతారు. వాళ్ళు అడగని సంగతి ఒకటుంది. అది రాస్తాను. టీమ్ పేరు చెప్పను, ఊరు చెప్పను. చలి ఎక్కువగా ఉండే ఊరు. మాటలన్నీ ఇంగ్లీషులో జరిగాయి, నేను తెలుగులో రాస్తున్నాను. బూతులు తీసేశాను కాబట్టి కోచ్ మాటలు ఉన్నదానికంటే బాగా పొట్టిగా కనిపిస్తాయి.

ఆ సీజన్‌కి ముందు మా టీమ్‌ని చూసి పేపర్లవాళ్ళు కప్పు మాదే అని రాసేశారు. అంత మంచి ఆటగాళ్ళు. మా కెప్టెన్ అయితే తల అటు తిప్పి బంతి ఇటు పాస్ చేసేవాడు, అది వెళ్ళాల్సిన చేతిలోకే వెళ్ళేది. డిఫెన్స్‌కి వంక పెట్టేవాడు లేడు. బంతి మా చేతికి వస్తేనే కష్టం.

బాస్కెట్‌బాల్ తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. ఒక్కో జట్టులో ఐదుగురు ఆడతారు. బంతి చేతికొచ్చాక ఇరవై నాలుగు సెకన్లలోపు షాట్ వెయ్యాలి. మావాళ్ళు మొదట్లో చక్కగా కదిలేవారు, పాస్‌లు చేసుకునేవారు, చూడముచ్చటగా ఉండేది. ఇక షాట్ వేస్తారనగా ఆగిపోయేవారు. ఒక్క క్షణమే. ఫోన్‌లో అవతలివాళ్ళు ఇంకేదో అంటారేమోనని మనం ఆగుతామే, అలాగ. తర్వాత ఎవరో ఒకరు ఉలిక్కిపడి గడియారం చూసి, కుదరని చోటునుంచి విసిరేసేవారు. జనం ఈలలు వేసేవారు. మెచ్చుకునే ఈలలు కావవి.

కారణాలు చెప్పేవాళ్ళకి లోటు లేదు. అలసట అన్నారు, అహంకారం అన్నారు. కోచ్ ప్లేలన్నీ, అంటే ఎవరు ఎటు కదలాలో వేసుకునే ఎత్తులన్నీ, మార్చాడు. మేనేజర్ వంటవాణ్ణి మార్చాడు.

వేసవిలో జరిగినదాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడేవారు కాదు.

వేసవిలో మా ఆటగాడొకడు కారు యాక్సిడెంట్‌లో పోయాడు. కెప్టెన్‌తోనూ మిగతా ముగ్గురితోనూ ఏళ్ళ తరబడి కలిసి ఆడినవాడు. స్టార్ ఏమీ కాదు. బుట్టకి ఎడమవైపు మూలలో, గీత పక్కన నిలబడటం అతని పని. అతను అక్కడుంటే అవతలివాడొకడు కాపలాకి అక్కడే ఉండాలి, దాంతో మధ్యలో మనవాళ్ళకి చోటు దొరుకుతుంది. కాపలావాడు ఏమరితే బంతి మూలకి వస్తుంది, మూడు పాయింట్లు. నిలబడటమే ఉద్యోగం అంటే తేలిగ్గా ఉంటుంది. నేను చాలా ఆఫీసుల్లో ఆ పని చేసేవాళ్ళని చూశాను, ఇతనంత బాగా చేసినవాళ్ళు లేరు.

మొదటి ఆట రోజు అతని జెర్సీ పైన కట్టారు, ఒక నిమిషం మౌనం పాటించారు. మర్నాటికి లాకర్ ఖాళీ చేశారు. ఆ తర్వాత అతని పేరు ఎవరి నోటా వినలేదు. ప్రొఫెషనల్స్ కదా, ఇలాగే ఉంటారు కాబోలు అనుకున్నాం.

అతని స్థానంలో కొత్తవాణ్ణి తెచ్చారు. చిన్న లీగుల్లో, ఎక్కడెక్కడి దేశాల్లోనో ఆడి వచ్చినవాడు. షాట్ బాగుంటుంది, మనిషి ఇంకా బాగుంటాడు. జనవరిలో ఒక తేదీ దాటితే సీజన్ అంతా ఉంచుకోవాలి, ఆలోపు ఎప్పుడైనా ఇంటికి పంపొచ్చు, అలాంటి కాంట్రాక్ట్. ఇది పోతే ఇంకో టీమ్ పిలిచే వయసు దాటిపోయిందని అతనికీ తెలుసు. భార్యా పాపా పార్సిప్పనీలో అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు, ఉద్యోగం ఖాయమయ్యాక సామాను కదుపుదామని. మా హెచ్‌-వన్ వీసా రోజుల్లో మేమూ సూట్‌కేసులు విప్పకుండా బతికినవాళ్ళమే. ఆ మనిషిమీద నాకు కాస్త అభిమానం ఉండేది.

నాతో పనిచేసే అమ్మాయి ఒకతి ఉండేది. ఇక్కడే పుట్టి, అరోరాలో పెరిగిన తెలుగుపిల్ల. బుర్ర పాదరసం. మొదటిరోజే మీటింగ్‌లో నన్ను అంకుల్ అని పిలిచింది. అది నా పేరనుకుని కోచ్ అలాగే పిలిచాడు. నెల తిరిగేసరికి ఏడడుగుల మనుషులు కారిడార్‌లో "హాయ్ అంకుల్" అంటూ నా నెత్తిమీద తట్టి వెళ్ళేవారు. ఇతరులకి తెలియకూడని మాటలు ఆ అమ్మాయి తెలుగులో చెప్పేది. ఆ తెలుగు కొన్నిసార్లు నాకూ తెలిసేది కాదు.

ఒకరోజు లంచ్ తర్వాత నన్ను వీడియో రూమ్‌కి పిలిచింది.

"అంకుల్, ఇది చూడు. కెప్టెన్ బాల్ వేసాడు. ఎవరికి వేసాడు?"

చూశాను. కెప్టెన్ ఎడమ మూలకి పాస్ ఇచ్చాడు. మూలలో ఎవరూ లేరు. బంతి ప్రేక్షకుల్లోకి పోయి ఎవరి బీరునో పడగొట్టింది.

"పొరపాటు" అన్నాను.

"ఇంకోటి చూడు." ఈసారి వేరే ఆటగాడు, అదే మూల. "ఇంకోటి." మళ్ళీ అదే. "టీవీలో అందరూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు అంకుల్."

మా దగ్గర ఒక ప్రోగ్రాం ఉంది. గత సీజన్ల ఆటలన్నీ దానికి చూపించి పెట్టాం. బంతినీ, మనవాళ్ళలో నలుగురినీ చూపిస్తే, ఐదోవాడు ఎక్కడ ఉండాలో అది ఊహించి బూడిదరంగు చుక్క పెడుతుంది. అసలు మనిషి ఆ చుక్కకి ఎంత దూరంలో ఉన్నాడో చూసి, సరిగ్గా నిలబడుతున్నాడా లేదా చెప్తాం. మా ఫీల్డులో దీన్ని ముద్దుగా దెయ్యం అంటారు. మేమేమీ తమాషాకి పెట్టిన పేరు కాదు, అందరూ అదే అంటారు.

కొత్తవాణ్ణి తీసేసి మిగతా నలుగురినీ దానికి చూపించాం. బూడిదరంగు చుక్క తిన్నగా ఎడమ మూలకి పోయి నిలబడింది. కొత్తవాడు ఆడుతున్నది కుడివైపు, కోచ్ వేసిన కొత్త ప్లేల ప్రకారం.

ఇక్కడే మేము తెలివిగలవాళ్ళు చేసే పని చేశాం. "కోచ్, కొత్తవాడు తప్పు చోట ఉంటున్నాడు, మూలలో పెట్టండి" అని రిపోర్ట్ ఇచ్చాం. కోచ్ పెట్టాడు. పాపం, కొత్తవాడు చెప్పినచోట చెప్పినట్టు నిలబడ్డాడు, రెండు చేతులూ బంతి కోసం చాచుకుని.

ఒక్క పాస్ రాలేదు.

ఖాళీ మూలకి బంతి విసిరినవాళ్ళు, అక్కడ మనిషి నిలబడ్డాక విసరడం మానేశారు. మూలవైపు చూసేవారు. చెయ్యి లేచేది. ఆగేది. వారం తిరక్కుండానే అవతలి టీములు కనిపెట్టి అతనికి కాపలా కాయడం మానుకున్నాయి. ఆ మనిషి మూలలో ఒంటరిగా, బస్సు రాని స్టాప్‌లో నిలబడ్డట్టు ఉండేవాడు. అతను కోర్టులో ఉన్నప్పుడు మా స్కోర్ ఎంత పడిపోతోందో లెక్క తీసి ఇచ్చింది కూడా మేమే. మేనేజర్ ఆ లెక్క చూసి, తేదీకి ముందే పంపించేద్దాం అన్నాడు.

ఆ మర్నాడు కారిడార్‌లో కొత్తవాడు నన్ను ఆపాడు.

"అంకుల్, ఒకటి అడగనా? నేను అక్కడ కనిపిస్తున్నానా?"

"ఎక్కడ?"

"మూలలో. మీ కెమెరాలకి."

"ఎందుకు కనపడవు? ఆకుపచ్చ చుక్కవి."

నవ్వాడు. "మంచిది. కెప్టెన్ నా కళ్ళలోకే చూస్తాడు అంకుల్. కానీ చూపు నా దగ్గర ఆగదు. నాకంటే కాస్త పొడుగువాణ్ణి చూస్తున్నట్టు ఉంటుంది." భుజాలెగరేశాడు. "చేతులు కూడా ఊపాను. ఎయిర్‌పోర్ట్‌లో డ్రైవర్లు ఊపుతారే, అలాగ."

పోయినవాడు ఇతనికంటే కాస్త పొడుగు. ఎత్తులు రాసిపెట్టిన జట్టు జాబితా చూడకుండానే నాకు తెలుసు. వీడియో రూమ్‌కి వెళ్ళి హీటర్ పెంచుకున్నాను. అమ్మాయి "అది ఆల్రెడీ ఫుల్ ఉంది అంకుల్" అంది.

ఆరోజునుంచి నాకు ఒక జబ్బు పట్టుకుంది. చూడకూడనివి చూడటం మొదలుపెట్టాను. టైమవుట్‌లో ఆటగాళ్ళు భుజాల మీద చేతులేసుకుని కోచ్ చుట్టూ గుండ్రంగా నిలబడతారు. ఆ నలుగురు ఉన్నవైపు గుండ్రంలో ఒక మనిషి పట్టేంత సందు. కొత్తవాడు అవతలి పక్కన. నలుగురూ లిఫ్ట్ ఎక్కితే ఒక మూల వదిలేసి మిగతా మూడు మూలల్లోకీ ఇరుక్కునేవారు. ప్రాక్టీస్ జిమ్‌లో ఎడమ మూలలో నేల కొత్తగా మెరుస్తూ ఉండేది. మిగతా కోర్టంతా బూట్ల గీతలు. కొత్తవాడి బూట్ల గీతలు కూడా ఆ మెరుపు అంచులోనే ఆగిపోయాయి. అతనికి తెలిసి చేశాడనుకోను.

ఇదంతా వాళ్ళు మాట్లాడుకుని చేస్తున్నది కాదు. అడిగితే తెల్లబోతారు. ఆ సందు మన కళ్ళముందే ఉంటుంది, ఎవరూ ఏమీ అనరు.

ఒకరోజు అమ్మాయి నెమ్మదిగా అంది. "అంకుల్, మన దెయ్యం ఏం నేర్చుకుంది? పాత గేమ్స్. పాత గేమ్స్‌లో మూలలో ఎవరు ఉంది?"

"అతనే."

"సో మనం ఈ అబ్బాయికి ఏం చెప్పింది? సరిగ్గా నిలబడు అని కాదు." ఇక తెలుగు చాలక ఇంగ్లీషులోకి మారింది. "వెళ్ళి చనిపోయినవాడిలో నిలబడు అని చెప్పాం."

ఇలాంటి తప్పు కోచ్ చెయ్యడు, ఆటగాడు చెయ్యడు, బీరు ఒలికిన ప్రేక్షకుడు కూడా చెయ్యడు. డిగ్రీలుండి, పెద్ద స్క్రీనుండి, చుట్టూ కిటికీలు లేకపోతేనే కుదురుతుంది.

తేదీ దగ్గరపడింది. రేపటితో గడువు అనగా ఉదయం ప్రాక్టీస్ ముందు కెప్టెన్ వీడియో రూమ్‌కి వచ్చాడు. చీలమండ బెణికితే ఐస్ బకెట్‌లో కాలు పెట్టుకుని మా కుర్చీల్లోనే కూర్చునేవాడు, మా దగ్గర నిశ్శబ్దంగా ఉంటుందని. ఆరోజూ అలాగే కూర్చున్నాడు. స్క్రీన్ మీద చుక్కలు కదులుతున్నాయి. అమ్మాయి కొత్తవాడి ఆకుపచ్చ చుక్క తీసేసి చూస్తోంది. పేర్లు లేవు. నాలుగు నీలం చుక్కలు, ఒక బూడిద చుక్క.

కెప్టెన్ కాసేపు ఊరికే చూశాడు. తర్వాత పెదాలమీద చిన్న నవ్వు వచ్చింది. ఆ సీజన్‌లో నేను చూసిన మొదటి నవ్వు.

"అడుగో, చూడు వాణ్ణి" అన్నాడు బూడిద చుక్కని చూపిస్తూ. "పాస్ రాబోతోందనగానే అలా ఒకడుగు వెనక్కేస్తాడు. గీత తొక్కుతావురా అని ఎన్నిసార్లు తిట్టానో. ఇది పోయిన సీజన్ ఆటేగా?"

మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

"కాదు" అన్నాను. "మొన్న శుక్రవారం ఆట."

నవ్వు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. బకెట్‌లో ఐస్ ముక్కలు సర్దుకున్న చప్పుడు వినిపించింది.

"మరి వాడు అక్కడేం చేస్తున్నాడు?"

నేను ఎన్నో ప్రెజెంటేషన్లు ఇచ్చాను. ఈ ప్రశ్నకి స్లయిడ్ లేదు.

"అక్కడ ఎవరూ లేరు" అని మొదలుపెట్టాను. "కంప్యూటర్ మీ నలుగురినే చూస్తుంది. మీరు ఎటు జరుగుతున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఎవరికి చోటు వదులుతున్నారు. దాన్నిబట్టి ఐదోవాడు ఎక్కడున్నాడో చెప్తుంది. అతన్ని అక్కడ పెట్టింది కంప్యూటర్ కాదు."

"నేనా?"

"మీ నలుగురూ."

"మళ్ళీ వెయ్యి" అన్నాడు.

అమ్మాయి వేసింది. ఇంకో ఆట అడిగాడు. వేసింది. ఆ బూడిద చుక్క ప్రతి ఆటలో మూలకొచ్చి ఓపిగ్గా నిలబడేది, ఒకడుగు వెనక్కేసేది, రాని పాస్ కోసం చూసేది, మళ్ళీ అందరితోపాటు వెనక్కి పరిగెత్తేది. నేను ఆ ప్రోగ్రాం రాసినవాళ్ళలో ఒకణ్ణి. అందులో ఏ లైన్‌లో ఏముందో నాకు తెలుసు. అయినా ఆ గదిలో నలుగురం ఉన్నట్టు అనిపించింది, ఉన్నది ముగ్గురం.

"ఇప్పుడు అతన్ని కూడా చూపించు. కొత్తవాణ్ణి" అన్నాడు కెప్టెన్.

ఆకుపచ్చ చుక్క వచ్చింది. బూడిద చుక్క మీద, అంచులు కలిసీ కలవకుండా. కెప్టెన్ స్క్రీన్ మీదికి వంగాడు.

"ఇన్నాళ్ళూ ఇతను అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడు. రేపు పంపించేస్తున్నారు, మీరు బంతి ఇవ్వడం లేదని."

అతను బకెట్‌లోంచి కాలు తీశాడు. తుడుచుకోలేదు, బూటు వేసుకోలేదు. తడికాలితో కుంటుకుంటూ జిమ్‌లోకి వెళ్ళాడు. మేము వెనకాల వెళ్ళాం. ప్రాక్టీస్ మొదలవుతోంది. తిన్నగా కోర్టు దాటి ఎడమ మూలకి పోయి, ఆ మెరిసే నేలమీద నిలబడ్డాడు. బంతుల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. మిగతా ముగ్గురి మొహాలు చూడలేకపోయాను. దొంగతనం దొరికినప్పుడు మొహాలు అలా ఉంటాయి, లేదా పోగొట్టుకున్నది దొరికినప్పుడు.

కెప్టెన్ ఏదో అన్నాడు, నేలని చూస్తూ, చిన్నగా. మాకు వినపడలేదు. తర్వాత తలెత్తి కొత్తవాణ్ణి పిలిచాడు.

"ఇలా రా. ఇక్కడ నిలబడు."

"ఇన్నాళ్ళూ అక్కడే ఉన్నాను బ్రో" అన్నాడు కొత్తవాడు.

"తెలుసు. ఇప్పుడే తెలిసింది."

కెప్టెన్ బూటు తొడుక్కుని వచ్చాక ఆట మొదలైంది. నాలుగు పాస్‌లు, ఎప్పట్లాగే. ఎప్పుడూ ఆగే క్షణం వచ్చింది. కెప్టెన్ చెయ్యి లేచింది, ఆగింది. అతను బంతి విసిరాడు.

కొత్తవాడు పట్టుకోలేదు. పాపం, బంతి వస్తుందని ఏ కోశానా అనుకోలేదు. అది తిన్నగా వచ్చి ఛాతీకి తగిలి కింద పడింది. తర్వాత ముగ్గురిలో ఒకడు ఫక్కున నవ్వాడు. ఇంకొకడు నేలమీద కూర్చుండిపోయి నవ్వాడు, కాసేపటికి అది నవ్వో ఏడుపో తెలియలేదు, ఎవరూ అడగలేదు. కోచ్ బూతులు తిట్టాడు. అవి ఎంత సంతోషంతో తిట్టిన తిట్లో, రాయలేకపోతున్నందుకు విచారిస్తున్నాను.

రెండో పాస్ పట్టుకున్నాడు. వేశాడు. పడింది.

మధ్యాహ్నం మేనేజర్ నన్ను పిలిచాడు. "అంకుల్, నంబర్ మారిందా?"

"ఒక్క ప్రాక్టీస్‌తో నంబర్ మారదు" అన్నాను. "కానీ అది అతని నంబర్ కాదు. అతనికి బంతి ఇవ్వని నలుగురి నంబర్. మేము అతని పేరుకింద వేశాం."

"నలుగురూ ఎందుకు ఇవ్వలేదు?"

చెప్పాను. చుక్కలు చూపించాను. మేనేజర్ లెక్కల మనిషి, దెయ్యాల్ని నమ్మడు. స్క్రీన్ మీద బూడిద చుక్క ఒకడుగు వెనక్కేసినప్పుడు మాత్రం తన కుర్చీ కూడా కాస్త వెనక్కి జరుపుకున్నాడు. చివరికి "ఉంచండి" అన్నాడు. గడువు దాటింది. పార్సిప్పనీలో సామానుకి ట్రక్కు మాట్లాడుకున్నారు.

మేం కప్పు గెలవలేదు. అంత దూరం వెళ్ళలేదు కూడా. కానీ చూడదగ్గ ఆట ఆడాం. కొత్తవాడికి మూలలో బంతి వస్తూనే ఉంది, అతను వేస్తూనే ఉన్నాడు.

సీజన్ చివర్లో ఒక పూట కొత్తవాడు వీడియో రూమ్‌కి వచ్చాడు. కెప్టెన్ అతనికి అన్నీ చెప్పాడట. ఆ బూడిద చుక్కని ఒకసారి చూస్తానన్నాడు. పాత ప్రోగ్రాంని కొత్త ఆటల మీద మేమూ అప్పటిదాకా నడపలేదు. అమ్మాయి నడిపింది.

బూడిద చుక్క మూలలో లేదు. గీత దాటి కోర్టు బయట నిలబడి ఉంది, ఆకుపచ్చ చుక్కకి సరిగ్గా వెనకాల. కారణం నాకు తెలుసు. ఆ నలుగురూ ఇప్పుడు చోటు వదలడం లేదు కాబట్టి పాత ఊహ నిలవక పక్కకి జారుతుంది, కోర్టు గీతలు దాటకూడదని మేము ప్రోగ్రాంకి చెప్పలేదు. ఇదంతా అతనికి వివరంగా చెప్పాను. అతను చక్కగా విన్నాడు.

"అదేనా అంకుల్" అన్నాడు తేలిగ్గా. "బంతి చేతికి రాగానే వెనకనుంచి ఎవరో 'వెయ్యి, వెయ్యి' అన్నట్టుంటుంది. జనంలో ఎవరో అనుకునేవాణ్ణి. ప్రాక్టీస్‌లో కూడా వినపడుతుంది మరి."

అమ్మాయి నావైపు చూసింది. ప్రాక్టీస్ జిమ్‌లో ఆ మూల వెనక ఉన్నది గోడ.

గోడ మాట ఎత్తకుండా స్క్రీన్ ఆపేశాను. సాయంత్రం ఆట ఉంది, మనిషి మంచి ఊపులో ఉన్నాడు.